పాపాన్ని ఎవరైనా సంపాదిస్తారా? – ‘కసబ’ అనే మాటపై ఒక పాఠం

నార్కట్‌పల్లి దారులు కలిసే ఊరు. హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంది. అద్దంకి వైపు పోయే రోడ్డు ఇక్కడే చీలుతుంది. అందుకే మా మస్జిదులో ఇషా నమాజు తర్వాత జరిగే దర్సె ఖుర్‌ఆన్‌కు వచ్చేవారు కూడా రకరకాల వాళ్ళు. లారీ మెకానిక్కులు, ఆర్టీసీ డిపోలో పనిచేసేవారు, పంక్చర్ దుకాణాలవారు, హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళు, బత్తాయి తోటల బేరగాళ్ళు. వీరిలో సగం మందికి ఉర్దూ చదవడం వచ్చు. మిగతావారు, ముఖ్యంగా పడుచువాళ్ళు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారేగాని చదువంతా తెలుగులోనే సాగింది. అందుచేత నేను ముందు అరబీ వాక్యం చదివి, ఉర్దూ తఫ్సీరు చూసుకుంటూ, తెలుగులో వివరిస్తుంటాను.

ఒకనాడు అల్ బఖరా సూరా చివరి ఆయతు పాఠం. ఏ ప్రాణిపైనా అల్లాహ్ దాని శక్తికి మించిన భారం వేయడని, అది చేసిన మంచి ఫలితం దానికే, చేసిన చెడు పర్యవసానం దాని పైనే అని ఆ ఆయతు భావం (అల్ బఖరా: 286). లారీల దగ్గర పనిచేసే ఒక కుర్రవాడు తన చేతిలోని తెలుగు అనువాదం చూసి ఇలా అడిగాడు: “మౌలానా సాబ్, ఇందుల ‘సంపాదించిన పుణ్యం, సంపాదించిన పాపం’ అని రాసిన్రు. పుణ్యం సంపాయిస్తరు, సరే. పాపాన్ని ఎవడన్న సంపాయిస్తడా? జర సమఝ్ గావట్లే.”

అందరూ నవ్వారు. కాని అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. మదర్సాలో మేము సంవత్సరాల తరబడి ‘కసబ’ను ‘కమానా’ అని, ‘కమానా’ను ‘సంపాదించడం’ అని అప్పజెబుతూ వచ్చామేగాని, తెలుగు చెవికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. ఆ రాత్రి నాలుగు మాటలు చెప్పి, మిగతాది వచ్చే వారానికి వాయిదా వేశాను. ఆ తర్వాత రెండు మూడు వారాలు సాగిన పాఠాన్ని పాఠకుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందు మన తెలుగు మాట సంగతి చూద్దాం. ‘సంపాదించు’ సంస్కృతం నుండి వచ్చింది. ఒకదాన్ని జరిగేలా చేయడం, సిద్ధింపజేయడం అనేది దాని మూలార్థం. సంపద, సంపత్తి, సంపన్నుడు అన్నీ ఆ ఇంటి పిల్లలే. పత్రిక నడిపేవారిని ‘సంపాదకులు’ అనడమూ ఇందుకే. (మన సంపాదకుల్లో డబ్బు సంపాదించినవారు ఎందరున్నారో మాత్రం అడగకండి.) అంటే ఈ మాటకు పుట్టుకతో డబ్బుతో సంబంధం లేదు. పేరు సంపాదించవచ్చు, విద్య సంపాదించవచ్చు, నలుగురి అభిమానం సంపాదించవచ్చు. కాని వాడుకలో అది ఎంతగా రూపాయికి కట్టుబడిపోయిందంటే, పిల్లనివ్వడానికి వచ్చినవారు ‘అబ్బాయి ఏం సంపాదిస్తున్నాడు?’ అని అడిగితే విద్య గురించో, మంచి పేరు గురించో ఎవరూ జవాబు చెప్పరు.

దీనికి పర్యాయపదాలు చాలా ఉన్నాయి. ఆర్జించు, గడించు, పొందు, కూడబెట్టు, రాబట్టు, దక్కించుకొను. ఇవన్నీ ఒకటే అనుకుంటే పొరపాటు. ‘ఆర్జించు’ పుస్తకాల మాట. ‘గడించు’లో పాతకాలపు పెద్దరికం ఉంది, పొలాలూ, అనుభవమూ గడిస్తారు. ‘పొందు’ అచ్చ తెలుగు మాట. కలవడం, చేరడం అనే అర్థం దాని అడుగున ఉంది. అందుకే స్నేహాన్నీ పొందు అంటాం, చక్కగా అమరిన దాన్ని పొందికగా ఉంది అంటాం. డిగ్రీ పొందుతాం, ఉపశమనం పొందుతాం, కాని కూలి పొందామని ఎవరూ అనరు. ‘కూడబెట్టు’లో చెమటకన్నా పెట్టె ఎక్కువ కనిపిస్తుంది. ఇక మన నల్లగొండ ప్రాంతంలో ‘కమాయించు’ ఉంది. ఉర్దూ ‘కమానా’కు తెలుగు తొడుగు వేసి, ముస్లిములూ ముస్లిమేతరులూ ఒకేలా వాడుకుంటున్న మాట. ‘మస్తు కమాయించిండు’ అన్నప్పుడు మెచ్చుకోలు ఎంతుందో, ‘ఎట్ల కమాయించిండో’ అనే అనుమానం కూడా అంతే ఉంటుంది. ఆందానీ, ఫాయిదా, బర్కత్ వంటి మాటలూ అలాగే మన పల్లెల్లో తెలుగులో కలిసిపోయాయి.

ఉర్దూ ‘కమానా’ పుట్టుక కూడా తెలుసుకోదగినదే. అది ‘కామ్’, అంటే పని అనే మాటకు చుట్టం. తోలు పదునుపెట్టడాన్ని ఉర్దూలో ‘చమ్‌డా కమానా’ అంటారు. పచ్చి తోలును నానబెట్టి, గీకి, ఆరబెట్టి పనికివచ్చేలా చేయడం అన్నమాట. చేతులు నొప్పి పుట్టని సంపాదనకు ‘కమాయి’ అనే పేరు నిజానికి చెల్లదు.

ఇంకొక సంగతి ఉంది. తెలుగులో ‘నేను సంపాదించాను’ అంటాం. కాని ‘నాకు దొరికింది’, ‘నాకు దక్కింది’, ‘నాకు లభించింది’, ‘వాడికి చదువు అబ్బింది’ అని కూడా అంటాం. మొదటి దాంట్లో మనిషి కర్త. తక్కినవాటిలో మనిషి తీసుకునేవాడు మాత్రమే. ఇచ్చేవాడు వేరే ఉన్నాడు. ఉర్దూలోనూ అంతే: ‘మైఁనే కమాయా’ వేరు, ‘ముఝే మిలా’ వేరు. అరబీలో మొదటిది ‘కస్బ్’, రెండోది ‘రిజ్క్’. దివ్య ఖుర్‌ఆన్‌లో కస్బ్ ఎక్కువగా మనిషి పని. ఉపాధినిచ్చే పని అల్లాహ్‌ది. జుముఆ నమాజు ముగిశాక భూమిలో విస్తరించి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించమని ఆజ్ఞ ఉంది (అల్ జుముఆ: 10). అన్వేషణ మనది, అనుగ్రహం ఆయనది. ఖారూన్ తన సంపద గురించి చెప్పుకున్న మాట చూడండి. తన దగ్గరున్న జ్ఞానం వల్లనే ఇదంతా తనకు ఇవ్వబడిందని అన్నాడు (అల్ ఖసస్: 78). అంత గర్విష్ఠి నోటి నుండి కూడా ‘ఇవ్వబడింది’ అనే క్రియే వచ్చింది! ఇచ్చినవాడి పేరు మాత్రం మింగేశాడు.

కసబ – ఇక్తసబ

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. ఆ ఆయతులో తెలుగువాళ్ళు రెండుచోట్లా ‘సంపాదించిన’ అని చదువుతున్నారు. అరబీలో ఉన్నది ఒకే మాట కాదు. మంచి దగ్గర ‘కసబత్’ ఉంది, చెడు దగ్గర ‘ఇక్తసబత్’ ఉంది. ధాతువు ఒక్కటే. రెండోది సర్ఫ్ చదివిన తాలిబె ఇల్మ్‌లందరికీ తెలిసిన బాబె ఇఫ్తిఆల్. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల అల్లాహ్ రెండు రూపాలు ఎందుకు వాడాడు?

తఫ్సీరు పండితులు దీనిపై పలు విధాలుగా చెప్పారు. ‘అల్ కష్షాఫ్’ రాసిన జమఖ్షరీ అభిప్రాయం ప్రకారం ఇక్తసబలో ప్రయాస, ఉబలాటం ఎక్కువ. మనసు చెడును కోరుకుని దాని వెంట ఒళ్ళు వంచి పరుగెత్తుతుంది కాబట్టి అక్కడ బలమైన రూపం వచ్చింది. మరికొందరు దీనికి దగ్గరగానే ఇంకో మాటన్నారు: మంచి మానవ సహజమైన బాట, దానిమీద నడక తేలిక, చెడు చేయాలంటే అల్లాహ్ పెట్టిన కంచె దాటాలి, అంతరాత్మతో పెనుగులాడాలి, అందుకే శ్రమను సూచించే రూపం. ఇవి రెండూ ఆలోచింపజేసేవే.

కాని తెలుగువారికి అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ తన ‘ముఫ్రదాత్’లో చేసిన వివరణ అని నాకనిపిస్తుంది. ఆయన ప్రకారం కస్బ్ అంటే తన కోసం గాని ఇతరుల కోసం గాని సంపాదించడం. ఇక్తిసాబ్ అంటే తన కోసమే సంపాదించుకోవడం. ప్రతి ఇక్తిసాబూ కస్బే, కాని ప్రతి కస్బూ ఇక్తిసాబ్ కాదు.

ఇప్పుడు మన భాష వైపు చూడండి. మనకు ‘సంపాదించిపెట్టు’ ఉంది, ‘సంపాదించుకొను’ ఉంది. క్రియ చివర ‘పెట్టు’ చేరితే ఆ పని ఇంకొకరి కోసం, ‘కొను’ చేరితే ఆ పని తన కోసం. వండిపెట్టింది, వండుకుంది. రాసిపెట్టాడు, రాసుకున్నాడు. ఈ తేడాను పల్లెలో నాలుగేళ్ళ పిల్లవాడు కూడా తప్పకుండా పలుకుతాడు. ఉర్దూలో మేము ‘కమానా’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుని తఫ్సీరులో పేరా రాసుకోవలసిన చోట, తెలుగు ఒక్క ప్రత్యయంతో పని ముగిస్తుంది. నేను ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. ఈ విషయం ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఆ దృష్టితో ఆయతును మళ్ళీ చూస్తే, మంచి పని ‘కస్బ్’. దాని మేలు చేసినవాడికీ ఉంటుంది, చుట్టూ ఉన్నవారికీ పాకుతుంది. తవ్వించిన బావిలో ఊరంతా నీళ్ళు తోడుకుంటుంది. చెడు పని ‘ఇక్తిసాబ్’. దాన్ని మనిషి తనకు తానే తెచ్చుకుంటాడు, దాని శిక్షలో భాగం పంచుకునేవాడుండడు. తెలుగులో పాపాన్ని సంపాదిస్తారా అంటే, సంపాదించరు. మూటగట్టుకుంటారు! ‘పాపం మూటగట్టుకున్నాడు’ అంటాం, ‘అపకీర్తి మూటగట్టుకున్నాడు’ అంటాం, ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అంటాం. మన పెద్దలు అరబీ చదవకపోయినా చెడు దగ్గర ‘కొను’ చేర్చడం మానలేదు. ఆ కుర్రవాడి చెవికి ‘సంపాదించిన పాపం’ ఎబ్బెట్టుగా తోచిందంటే తప్పు వాడి చెవిది కాదు.

మరో చిన్న సంగతి. ఈ ‘కొను’ విడిగా నిలబడితే డబ్బిచ్చి తీసుకోవడం అని అర్థం. దివ్య ఖుర్‌ఆన్ సన్మార్గాన్ని ఇచ్చి అపమార్గాన్ని కొనుక్కున్నవారి గురించి చెప్పి, ఆ బేరంలో వారికి లాభం రాలేదంటుంది (అల్ బఖరా: 16). అక్కడ ‘కొన్నారు’ అనడానికి వాడిన అరబీ క్రియ కూడా అదే ఇఫ్తిఆల్ రూపంలో ఉంది.

అయితే దీన్ని గట్టి సూత్రంగా పట్టుకోకూడదు. చెడుకు మామూలు ‘కసబ’ వాడిన చోట్లూ ఉన్నాయి (అల్ బఖరా: 81). రెండు రూపాలూ పక్కపక్కన నిలిచినప్పుడే ఈ సున్నితమైన తేడా తెలుస్తుందని చాలామంది పండితుల మాట. ‘కొను’ చేరినంత మాత్రాన అది చెడు పని కూడా కాదు. మనం ఖుర్‌ఆన్ నేర్చుకుంటాం కదా! ఇక మనిషి చేతలు అల్లాహ్ సృష్టి అయితే మనిషి చేసేదేమిటనే చర్చలో ఇమామ్ అష్అరీ అనుయాయులు వాడే ‘కస్బ్’ ఒకటుంది. అది ఇల్మె కలామ్ పరిభాష. మదర్సా పిల్లలకే అది నిద్రపట్టనివ్వదు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఆమె సంపాదించుకున్నది

‘ఇక్తసబ’ మంచి అర్థంలో వచ్చిన ఆయతు అన్‌నిసా సూరాలో ఉంది. పురుషులు సంపాదించుకున్న దానిలో పురుషులకు భాగం ఉంది, స్త్రీలు సంపాదించుకున్న దానిలో స్త్రీలకు భాగం ఉందని దాని భావం (అన్‌నిసా: 32). పురుషులు జిహాద్‌కు వెళ్తారు, తాము వెళ్ళరు, వారసత్వంలోనూ తమకు సగమే అని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అన్న సందర్భంలో ఇది అవతరించిందని ఒక ఉల్లేఖనం ఉంది. ఇక్కడ సంపాదన అంటే పుణ్యఫలమని కొందరు, ఐహిక సంపాదన అని కొందరు చెప్పారు. రెండిటికీ మాటలో చోటుంది. రాగిబ్ వివరణను ఇక్కడ పెట్టి చూడండి. స్త్రీ సంపాదించుకున్నది, అంటే తన కోసం, తనదిగా.

దీన్ని గట్టిగా చెప్పవలసిన అవసరం మన ఇళ్ళలో ఉంది. పత్తి ఏరడానికి పోయే స్త్రీ ఉంది, కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టే స్త్రీ ఉంది, ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే స్త్రీ ఉంది. వారి చేతికి వచ్చిన డబ్బు సాయంత్రానికి ఎవరి జేబులో ఉంటోంది? ‘మన ఇంటి సంపాదనే గదా’ అంటారు మగవారు. షరీఅతు ప్రకారం భార్యాబిడ్డల పోషణ భర్త బాధ్యత. భార్య సొమ్ము ఆమె సొంతం. మహర్ విషయంలోనైనా ఆమె మనస్ఫూర్తిగా వదిలిపెడితేనే భర్త తినవచ్చని అనుమతి ఉంది (అన్‌నిసా: 4). ఆమె ఇష్టపూర్వకంగా ఇంటికోసం ఖర్చుపెడితే అది ఆమె ఔదార్యం, దానికి ఆమెకు పుణ్యం ఉంది. అడగకుండా తీసుకుంటే, సోదరులారా, ఆ క్రియకు తెలుగులో వేరే మాట ఉంది. ఈ మాటలు చెప్పిన రోజున పరదా వెనుక నుండి ఎవరూ ఏమీ అనలేదు. పరదా ముందున్నవారే నా వైపు అదోలా చూశారు.

ఇక ‘సంపాదించిపెట్టడం’ అనే అర్థంలో ‘కసబ’కు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ ఉండదు. క్రీ.శ. 610లో హిరా గుహలో తొలి వహీ అవతరించిన తర్వాత మహాప్రవక్త (సఅసం) వణుకుతూ ఇంటికి వచ్చినప్పుడు, హజ్రత్ ఖదీజా (రజి) ఆయన్ని ఓదారుస్తూ ఆయన సుగుణాలను ఒక్కొక్కటే గుర్తుచేశారు. బంధువులను ఆదరించడం, బరువు మోయలేనివారి బరువు మోయడం, అతిథులకు మర్యాద చేయడం. వాటి నడుమ ‘మఅదూమ్’కు, అంటే ఏమీ లేనివాడికి, సంపాదించిపెట్టడం అనే సుగుణం ఉంది. అక్కడి క్రియ ఈ ‘కసబ’ ధాతువుదే (బుఖారీ). పండితులు ఆ మాటను రెండు విధాల పఠనాలతో రెండు మూడు రకాలుగా వివరించారుగాని, లేనివారికి సమకూర్చిపెట్టడం అనేది ప్రసిద్ధ భావం. ఆయన స్వయంగా వ్యాపారం చేసినవారు. ఆయన సంపాదన గురించి అందరికన్నా దగ్గరగా తెలిసిన ఇల్లాలు చెప్పిన మాట అది. ఆయన ఎంత సంపాదించుకున్నారో ఆమె చెప్పలేదు.

చర్మం గీరుకుపోయేలా

ఖుర్‌ఆన్‌లో కసబకు పర్యాయపదాలు ఇంకా ఉన్నాయి. రెండింటిని మాత్రం చెబుతాను.

మొదటిది ‘జరహ’. గాయపరచడం దాని మామూలు అర్థం. కాని పగటిపూట మీరు సంపాదించేది ఆయనకు తెలుసని చెప్పే ఆయతులో ఈ క్రియే వచ్చింది (అల్ అన్‌ఆమ్: 60). వేటాడి తెచ్చే జంతువులనూ, మన కాళ్ళూ చేతులనూ ‘జవారిహ్’ అనడం ఇందుకే. అవి మన కోసం సంపాదించిపెట్టే అవయవాలు. రేపు నోళ్ళకు ముద్రవేసి, చేతులతో మాట్లాడించి, తాము సంపాదించిన దాని గురించి కాళ్ళ చేత సాక్ష్యం ఇప్పించడం జరుగుతుంది (యాసీన్: 65). మెకానిక్కుల చేతులు చూసినప్పుడల్లా నాకీ మాట గుర్తుకొస్తుంది. గ్రీజు పోని గోళ్ళు, కాలిన మచ్చలు. సంపాదన, గాయం ఒకే ధాతువులో ఎందుకు ఇమిడాయో ఆ చేతులకు చెప్పనక్కరలేదు. దావూద్ ప్రవక్త (అలైహి) తన చేతి కష్టంతోనే తినేవారని, చేతి కష్టంతో తిన్న కూటికన్నా మేలైన కూడు లేదని దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ). అడవికి పోయి కట్టెల మోపు వీపున వేసుకొచ్చి అమ్ముకోవడం, ఒకరి ముందు చేయి చాచడం కంటే మేలన్నది కూడా ఆయన బోధనే. హనఫీ ఇమాముల్లో ఒకరైన ఇమామ్ ముహమ్మద్ షైబానీ పేర సంపాదన మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే ఉంది. విద్యార్జనలాగే ధనార్జన కూడా విధి అని అందులో వాదన. పని మానేసి తవక్కుల్ పేరుతో కూర్చునేవారు ఆ గ్రంథం చదవాలి.

రెండవది ‘ఇఖ్తరఫ’. చెట్టు బెరడు ఒలవడం అనే అర్థం నుండి వచ్చిందని రాగిబ్ అంటారు. అత్‌తౌబా సూరాలో తండ్రులు, కొడుకులు, సోదరులు, భార్యలు, బంధువులు, అంటూ లెక్కపెడుతూ వచ్చి, సంపాదించిన సొత్తు అన్నచోట ఈ క్రియ వాడటం జరిగింది. ఆ వెంటనే మందగిస్తుందేమోనని భయపడే వ్యాపారం ప్రస్తావన ఉంది (అత్‌తౌబా: 24). బెరడు పొరపొరగా ఒలిచినట్టు కొద్దికొద్దిగా కూర్చుకున్న సొత్తు. దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆ మాటలోనే ఉంది.

సంతానాన్ని కూడా కస్బ్ అన్నారు. మనిషి తినే వాటిలో అతి మంచిది అతని సంపాదన అని, సంతానం కూడా అతని సంపాదనలోనిదే అని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది (అబూదావూద్, తిర్మిజీ). ‘నేను సంపాదించిన ఆస్తి నా పిల్లలే’ అని మన ఊళ్ళలో తండ్రులు అంటుంటారు. అబూలహబ్‌కు అతని సంపదగాని, సంపాదించింది గాని పనికిరాలేదన్న చోట (అల్ లహబ్: 2), సంపాదించింది అంటే సంతానమని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు.

కొలుచుకోవడం, కొలిచిపెట్టడం

ఈ పాఠం ఇక్కడితో ఆగిపోయేదే. కాని మూడో వారం నేను అల్ ముతఫ్ఫిఫీన్ సూరా ఎత్తుకున్నాను. దాని మొదట్లో కూడా కసబ, ఇక్తసబ లాంటి జంటే ఉంది. తమ కోసం కొలుచుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు కొలిచిపెట్టేటప్పుడు, తూచిపెట్టేటప్పుడు తగ్గించేవారికి వినాశనం అని ఆ ఆయతుల భావం (1-3). అరబీలో మొదటిది ‘ఇక్తాలూ’, రెండోది ‘కాలూ’. మళ్ళీ అదే ఇఫ్తిఆల్! కొలుచుకొను, కొలిచిపెట్టు. తెలుగులో పెట్టి చూస్తే ఎవరికీ తఫ్సీరు అక్కర్లేదు.

ఆ సూరాలోనే కొంచెం ముందుకు పోతే పద్నాలుగో ఆయతులో మన క్రియ వస్తుంది. వారు సంపాదిస్తూ వచ్చిందే వారి హృదయాలకు తుప్పులా పట్టిందని భావం. తూకంతో మొదలైన సూరాలో తుప్పు మాట రావడం గమనించండి. మనిషి పాపం చేస్తే గుండెపై నల్లచుక్క పడుతుందని, పశ్చాత్తాపపడితే తుడుచుకుపోతుందని, మళ్ళీ మళ్ళీ చేస్తే గుండెనంతా కమ్మేస్తుందని, ఆ ఆయతులోని తుప్పు అదేనని హదీసు వివరించింది (తిర్మిజీ). నల్లగొండ జిల్లావారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఫ్లోరైడు నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. ఒక గ్లాసుతో ఎవరి నడుమూ వంగదు. ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. మన జిల్లా పేరు అలా ప్రపంచానికి తెలిసింది.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక ఒకాయన ఆగిపోయాడు. వయసు నలభై దాటింది, బత్తాయి తోటలు గుత్తకు పట్టి బేరం చేస్తాడు. దర్సుకు ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే మనిషి. “మౌలానా, మా దందాల తరుగు తీసుడు రివాజు. కాయ పాడైనా తీస్తరు, మంచిగున్నా తీస్తరు. అందరు తీస్తున్నరని నేను గూడ తీసిన. మల్ల పూత మీదనే తోట మాట్లాడుకుంటం. ఓసారి పిందెంత రాలిపోయింది. ముందుగాల ఇచ్చిన పైసల్ రైతు తాన గట్టిగ నిలబడి వాపస్ గుంజిన. ఇంకోసారి కాత విరగగాసింది, అప్పుడు రైతుకు ఒక్క రూపాయి ఎక్కువియ్యలె. గివన్ని నా కమాయే అనుకుంటున్న. మీరేమొ ఇయ్యాల తుప్పు అన్నరు.”

నేను వెంటనే ఫత్వా చెప్పలేదు. రెండు విషయాలు వేరుచేసి చెప్పాను. తరుగు సంగతిలో సందిగ్ధమేమీ లేదు. చెడిపోయిన కాయ ఎంతుందో అంత తీసివేయడం న్యాయం. మంచి కాయ మీద రివాజు పేరుతో తీసినది రైతు సొత్తు. తూచిన తర్వాత అతను చేతగాక తలూపితే అది అంగీకారం కాదు. ఇక పూత మీద బేరం. పండు పక్వానికి వచ్చే సూచన కనబడకముందే అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే సోదరుడి సొమ్ము దేనికి బదులుగా తీసుకున్నట్టని ఆయన ప్రశ్నించినట్టు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). పిందె పడ్డాక అమ్మడం, చెట్టుమీద ఉంచే షరతు పెట్టడం, ఇలాంటి వివరాల్లో ఫుఖహాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. దానికి ముఫ్తీ గారి వద్ద కూర్చుని కాగితం చూపించాలి. కాని ఉత్త పూత మీద చేసిన బేరం చెల్లదన్నంతవరకు భేదం లేదు.

“గిప్పుడు నేనేం జేయాలె?” అన్నాడు.

తౌబా చేస్తే సరిపోతుందని చెప్పడం నాకు తేలిక, వినడం అతనికి తేలిక. కాని ఇది హుఖూఖుల్ ఇబాద్, మనుషుల హక్కు. సొమ్ము ఎవరిదో వారికి తిరిగి చేరాలి. రైతు బతికుంటే అతనికి, చనిపోయి ఉంటే వారసులకు. రైతు ముస్లిమా కాదా అనే ప్రశ్న ఇక్కడ లేనేలేదు. ఎంతన్నది సరిగ్గా తెలియకపోతే మనసుకు నమ్మకం కలిగేంత లెక్కగట్టాలి. ఒకేసారి ఇవ్వలేకపోతే గడువు అడగాలి, లేదా జరిగింది విప్పిచెప్పి మాఫీ కోరాలి. ఎవరిదో ఎంత వెతికినా తెలియని పక్షంలో మాత్రమే ఆ మొత్తాన్ని పేదలకు ఇచ్చేయాలి. అదీ పుణ్యం వస్తుందనే ఆశతో కాదు, పరాయి సొమ్ము వదిలించుకోవడానికి. ప్రళయ దినాన సంపద గురించి రెండు ప్రశ్నలు ఉంటాయి కదా, ఎక్కడినుంచి సంపాదించావు, ఎక్కడ ఖర్చుపెట్టావు అని (తిర్మిజీ). హజ్‌కు పోయి ఖర్చుపెట్టినా మొదటి ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

అతను చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత జేబులోంచి చిన్న చిట్టా పుస్తకం తీశాడు. అట్ట చిరిగి, పేజీలు జిడ్డుపట్టి ఉన్నాయి. ఏ తోట, ఎన్ని టన్నులు, ఎంత తరుగు, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. తెలుగులో, తన చేతిరాతతోనే. తరుగు తీసినవాడే దాని లెక్కను ఇంత భద్రంగా దాచుకోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను.

“అందరి పేర్లు ఉన్నయి మౌలానా. ఒక్క చిట్యాల రైతుది లేదు. గాయన ఇల్లు నాకు తెలుసు” అన్నాడు.

మరుసటి జుముఆకు అతను రాలేదు. ఆ పై వారం వచ్చాడు. మునుపటిలా ముందు వరుసలో కాకుండా తలుపు దగ్గర కూర్చున్నాడు. ముగ్గురికి ఇచ్చానని, ఒకరు తీసుకోలేదని, ఇంకా పదకొండుమంది ఉన్నారని చెప్పాడు. ఆ తీసుకోని రైతు ‘నువ్వు గింత దూరమొచ్చినవ్, సాలు’ అని చాయ్ తాగించి పంపాడట. దాన్ని మాఫీగా లెక్కించవచ్చా అని అడిగాడు. నోటితో స్పష్టంగా మాఫీ అన్నాడా అని నేను అడిగాను. అనలేదన్నాడు. అయితే మళ్ళీ ఒకసారి వెళ్ళి అడగమన్నాను.